ముఖసంస్కారము - సూదుల రోలరు

ఇటీవల మన గ్రామములకు తపాలావారును, సరకులు దెచ్చి యిచ్చు కుఱ్ఱవాండ్రును మోసికొని వచ్చు పొట్లములలో ఒక చిన్న సాధనము తఱచుగా కానవచ్చుచున్నది. జానెడు పొడవుకూడ లేని ప్లాస్టిక్కు పిడి. దాని కొనయందు బొటనవ్రేలంత ఉరుళి. ఆ యురుళినిండ, ఉమ్మెత్తకాయమీది ముండ్లవలె, సన్నని యుక్కుసూదులు. వైద్యులు వాడు రకమునందు సాధారణముగా 192 సూదు లుండును. దీనికి డెర్మా రోలరని పేరు. దీనిని ముఖముమీద దొరలించుకొను పనిని మైక్రోనీడ్లింగని పిలుచుచున్నారు.

పట్టణమున చదువుకొని సెలవులకు వచ్చిన మనుమరాలు, రాత్రి పనులన్నియు ముగిసిన పిమ్మట, ముఖము కడుగుకొని అద్దము ముందు కూర్చుండి, నుదుటిమీదను చెక్కిళ్లమీదను దీనిని దొరలించును. పిదప చిన్న బుడ్డిలోనుండి సీరమను ద్రవమును నాలుగు చుక్కలు తీసి రాచుకొనును. "ఎందులకమ్మా యిది?" యని యడిగినచో, "నా కొఱకు నేను చేసికొను సేవ, తాతయ్యా" యని బదులు చెప్పును. వారమున కొక రాత్రి దానికై కేటాయించుకొనును. నోమువలె తప్పక చేయును.

ఇది చూచి పెద్దలలో కొందఱు నవ్వుదురు, కొందఱు కోపింతురు. నవ్వినను కోపించినను ఆమె మానదు. తలుపు వేసికొని చేసికొనును. ఆ తలుపు మూతపడుటయే నాకు భయము. ముఖమున కేదైన కీడు మూడినప్పుడు ఆ పిల్ల మొదట చెప్పుకొనవలసినది ఇంటివారితో. కావున ఈ సాధనమేమియో, అది దేనికి పనికివచ్చునో, ఎచ్చట హాని చేయునో పెద్దలగు మీకు తెలిసియుండుట మేలని ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మేనికి సంస్కారము చేసికొనుట క్రొత్తగా పుట్టిన తెగులు కాదు. నరకచతుర్దశినాడును, భోగినాడును తెల్లవారకముందే నువ్వులనూనె మర్దించి, సున్నిపిండితో నలుగుపెట్టి, కుంకుడురసముతో తలంటి పోయుట మనకు తరతరములుగా వచ్చుచున్నదే. నలుగు లేని పెండ్లి మన దేశమున లేదు. పెసలు, శనగలు, పసుపు, బావంచాలు, కచ్చూరములు - ఇవి చేర్చి విసరిన పిండి యెంత మేలు చేసెనో చెప్పలేను గాని, ఆ నలుగు వేళ మఱియొక మేలు జరిగెడిది. ఆ గంటసేపు ఆ పిల్లకు ఎవ్వరును పని చెప్పరు. పదిమంది చేతులు ఆమెను ముద్దుచేయును. తక్కిన దినములలో పొయ్యికిని నూతికిని నడుమ తిరుగుచుండు ఇల్లాలికి సంవత్సరమున అట్టి గంటలెన్ని యుండెడివి? ఈ కాలపు పిల్ల ఆ గంటను తనకు తానే కల్పించుకొనుచున్నది. పరదేశమున ఉద్యోగము చేయుచు ఒంటిగా నుండు మన యాడపిల్లకు నలుగుపెట్టు మేనత్త లేదు, అద్దమొకటి యున్నది. అందు తప్పుపట్టవలసిన దేమియు నాకు కానరాదు. అయితే నలుగు చర్మముమీదనే నిలుచును. సూది చర్మములోనికి బోవును. విచారింపవలసిన దీ సంగతి.

చర్మమన ఒక్క పొర కాదు. పైనున్నది బాహ్యచర్మము, దాని క్రిందిది అంతశ్చర్మము. ముఖముమీద బాహ్యచర్మపు మందము ఇంచుమించుగా మిల్లీమీటరులో పదియవవంతు. కనుఱెప్పలమీద అందు సగము. దానికిని పైన, చచ్చిన కణములు పెంకులవలె పేరుకొనిన పలుచని పొలుసు గలదు. మిల్లీమీటరును నూఱు భాగములు చేసినచో ఒకటి రెండు భాగములకు మించని పలుచన. నలుగు రాల్చునది ఆ పొలుసునే. బాహ్యచర్మమునందు రక్తనాళములు లేవు. అది ఇంచుమించు నెలకొక తూరి అడుగునుండి పైకి క్రొత్తబడుచుండును, వయసు మీఱినకొలది ఆ క్రొత్తబడుట ఆలస్యమగును. అంతశ్చర్మమట్లు కాదు. రక్తనాళములు, నరములు, వెండ్రుకల మూలములు, చెమటగ్రంథులు అన్నియు నందే యున్నవి. వీనినన్నిటిని పట్టి యుంచునవి కొల్లాజెనను మాంసకృత్తుతో నైన నారలు. బుట్టకు వెదురుబద్ద యెట్టిదో చర్మమునకు కొల్లాజెను అట్టిది. ఏండ్లు గడచినకొలది ఆ నారలు తఱిగి, సడలి, ముఖమున ముడుతలు పడును. మొటిమయో ఆటలమ్మ పొక్కో లోతుగా పుండైనచోట ఆ నారలు తప్పుగా అల్లుకొని గుంట మచ్చ మిగులును.

ఈ రెండు పొరల భేదమునకు సాక్ష్యము కావలెనన్న మీ యింటి ముసలమ్మగారి ముంజేయి చూడుడు. ఆమె బాల్యమున ఎఱుకలసాని పొడిచిన పచ్చబొట్టు నేటికిని మాయలేదు. మొన్నటి యట్లతద్దికి పెట్టుకొన్న గోరింటాకు మాత్రము కొలది వారములకే మాసినది. గోరింట పైపొరకు పట్టిన రంగు; ఆ పొర రాలగానే తానును రాలినది. పచ్చబొట్టు సూదివెంట అంతశ్చర్మమును చేరి, అచ్చటి కణములచే పట్టుబడి నిలిచిన రంగు. సూది యెంత లోతునకు బోయినది, దానివెంట ఏమి లోనికి బోయినది - ఈ రెండు ప్రశ్నలు మనసున నుంచుకొన్నచో తక్కినది సులభముగా బోధపడును.

చర్మమును గాయపఱచి నయముచేయుట మన వైద్యమునకును తెలియనిది కాదు. సుశ్రుతసంహితయందు ప్రచ్ఛానమను క్రియ చెప్పబడినది. వాడియగు శస్త్రముతో చర్మముపై చిన్న చిన్న గాట్లు పెట్టి చెడురక్తమును తీయుట. ఆ గాట్లు ఎట్లుండవలెనో అందు చక్కగా నియమించియున్నారు: వంకర లేక తిన్నగా నుండవలెను; ఒకదానిపై నొకటి పడరాదు; సన్నముగాను సమముగాను ఉండవలెను; మిక్కిలి లోతుగా దిగరాదు, మిక్కిలి పైపైని పోరాదు; చేయి త్వరగా కదలవలెను; మర్మస్థానములకును సిరలకును కీళ్లకును తగులరాదు. నేటి చర్మవైద్యుడు తన శిష్యునకు ఈ యంత్రము చేత బెట్టి చెప్పు మాటలును ఇంచుమించు నివియే. అయినను ఈ రోలరు మన పూర్వులదేయని చంకలు గ్రుద్దుకొనుట తగదు. నాటి యుద్దేశము వేఱు, నేటి యుద్దేశము వేఱు.

నేటి పద్ధతి పుట్టి ముప్పది యేండ్లు మాత్రమే యైనది. 1995లో అమెరికా దేశపు చర్మవైద్యులు నార్మన్ ఓరెన్‌ట్రైక్, డేవిడ్ ఓరెన్‌ట్రైక్ అనువారు, గుంటపడిన మచ్చ క్రిందికి సూదిని పోనిచ్చి, ఆ మచ్చను అడుగునకు లాగి పట్టియున్న నారలను తెంచినచో గుంట పైకి లేచునని ప్రకటించిరి. 1997లో వెలువడిన మఱియొక వృత్తాంతము మిక్కిలి వింతయైనది. కెనడాలోని మాంట్రియాలు నగరమున శస్త్రవైద్యుడు ఆండ్రె కామిరాండ్ తన రోగుల శస్త్రచికిత్సల వలన మిగిలిన తెల్లని మచ్చలను కప్పుటకు, చర్మపు వన్నెగల రంగును పచ్చబొట్టు యంత్రముతో పొడిపించెను. ఏడాది రెండేండ్లకు ఆ రంగు మాసిపోయినది. కాని రంగు పోయినచోట తెల్లని మచ్చ మునుపటివలె లేదు. మెత్తబడి, దానికి సహజమగు వన్నె కొంత తిరిగి వచ్చియున్నది. మేలు చేసినది రంగు కాదు, సూదియే యని ఆయన గ్రహించి, రంగు లేకయే పొడిచి చూచెను. దక్షిణాఫ్రికాలోని డెస్మండ్ ఫెర్నాండెస్ అను శస్త్రవైద్యుడు అదే కాలమున ఈ మార్గమునే శోధించుచు, సూదులను ఉరుళికి బిగించి దొరలించు పద్ధతిని ప్రచారమునకు దెచ్చి, 2005లో దానిని వివరించు వ్యాసమును ప్రకటించెను. 2018 మార్చిలో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ ఇట్టి యంత్రములలో మొదటిదానికి అనుమతి నొసగినది. అది కలమువంటి విద్యుద్యంత్రము. ఆ యనుమతియైనను 22 ఏండ్లు నిండినవారి ముఖముమీది మొటిమల మచ్చలకు, వైద్యశాలలయందు వాడుటకే గాని, ఎవరి యింట వారు వాడుకొనుటకు గాదు.

సూది చేయు మేలెట్టిదనిన, నిజమునకు మేలు చేయునది సూది కాదు. గాయమును మాన్పుకొను మన శరీరమే. సూదిమొన అంతశ్చర్మమును తాకగానే చిట్టి రక్తపుబొట్టు పుట్టును. రక్తములోని ప్లేట్‌లెట్లను కణములు ఆ చోటికి జేరి, మరమ్మతుకు పిలుపువంటి పదార్థములను విడుచును. కొన్ని దినములకు నారలల్లు కణములు వచ్చి క్రొత్త కొల్లాజెనును అల్లనారంభించును. మొదట నల్లినది తాత్కాలికము, గండిపడిన చెఱువుకట్టకు తొలుత వేసిన మట్టిబస్తాలవంటిది. అది నెలలమీద గట్టి నారగా మాఱును. అందుచేతనే వైద్యులు ఒకసారి చేసి, నాలుగు నుండి ఆఱు వారములు ఆగి మఱల చేయుదురు. ఫలితము నిర్ణయించుటకు మూడు నుండి ఆఱు నెలలు పట్టును. మచ్చలకై వాడు సూది సాధారణముగా ఒకటిన్నర మిల్లీమీటరుది. పని మొదలుపెట్టుటకు ముప్పావుగంట గంట ముందు మొద్దుబఱచు మందు పూసి యుంచవలెను. లేకున్న ఓర్చుకొనుట కష్టము.

మీ చిన్ననాట అమ్మవారు పోసిన ముఖములు ఊరూర నుండెడివి. 1975 తరువాత మన దేశమున స్ఫోటకము లేదు. దాని మచ్చలు మోసినవారును తఱిగిపోవుచున్నారు. ఆటలమ్మ మచ్చలు, మొటిమల గుంటలు మాత్రము మిగిలినవి. వెడల్పుగా పల్లమువలె నున్న గుంటలకు ఈ చికిత్స బాగుగా ఉపకరించును. సన్నముగా, లోతుగా దిగిన వానికి ఫలము తక్కువ. పూర్తిగా నున్నబఱచుట దేనివలనను కాదు. అయినను అట్టి ముఖముతో నలుగురిలోనికి రాజాలక తల వంచుకొని తిరుగు యువకునికి, యువతికి ఈ మాత్రమైనను చిన్న మేలు కాదు. జిల్లా ప్రధాన వైద్యశాలలలోను, వైద్యకళాశాలల యాసుపత్రులలోను చర్మవైద్యులు గలరు. మచ్చలున్న పిల్లలను ముందుగా వారియొద్దకు పంపుడు. పరిహాసమువలన మచ్చ మానదు.

ఇఁక ఇంటిలో వాడు రోలరు సంగతి. దీని సూదులు 0.2 లేక 0.3 మిల్లీమీటర్లు. చర్మము సాగు గుణము గలది గనుక మొన తాకినపుడు లోనికి కొంత వంగును. సూది పొడవంతయు దిగదు. కావున ఈ చిన్న సూది నారలల్లించునంతటి గాయము చేయదు. పైపొరకు సన్నని రంధ్రములు పెట్టును; వానివలన పూసిన ద్రవము మామూలుకంటె ఎక్కువగా లోనికింకును. అంతియే. మఱునాటి యుదయమున ముఖము నిగనిగలాడుటకు కారణము, మొదట కొంచెము వాపును, ఎఱుపును కలిగి ముడుతలు నిండినట్లు కనబడుటయే. రెండు మూడు దినములలో ఆ నిగారింపు తగ్గును. తగ్గగానే ఆ పిల్లకు అసంతృప్తి; తన సూది పొడవు చాలలేదని తోచును. అదే ఫోనులో, అదే దుకాణమున, ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల సూదులును దొరకును. అడుగువారు లేరు. పది దినములలో పొట్లము వచ్చును. కీడు చిన్న సూదివద్ద నిలువక పెద్దసూదివద్ద ప్రారంభమగుట ఇట్లే.

చవుకరకపు రోలర్లలో మఱియొక మోసము గలదు. వానిలో విడివిడి సూదులే యుండవు. ముండ్లచక్రములవలె కత్తిరించిన ఱేకుబిళ్లలను ఒకదాని ప్రక్క నొకటి పేర్చి సూదులని యమ్ముదురు. అవి సన్నని రంధ్రము పెట్టుటకు మాఱు చర్మమును చీల్చును. మంచి సూదియైనను ఒకమాఱు నేలపై పడెనా, మొన వంగి గాలమగును. ఆ గాలముతో గట్టిగా నొక్కి దొరలించినవారి చెక్కిళ్లమీద ట్రాముబండి పట్టాలవలె జంటగీతలు నిలిచిపోయిన వృత్తాంతములు వైద్యపత్రికలలో గలవు. మచ్చ పోగొట్టుకొనబోయి మచ్చలు తెచ్చుకొన్నారన్నమాట.

ఇప్పుడు రెండవ ప్రశ్న: సూదివెంట ఏమి లోనికి బోవుచున్నది? మీలో ఏబదేండ్లు దాటిన వారిలో పెక్కుమంది భుజముమీద స్ఫోటకపు టీకా మచ్చ యుండును. ఒక కాలమున ఆ టీకాను ముండ్లున్న చిన్న బిళ్లను చర్మముపై నొక్కి త్రిప్పి వేసెడివారు. ఆ బాధ మఱచినవారుండరు. పిదప రెండుమొనల సూది వచ్చినది. ఆ మచ్చ సూదివలన పడినదని యనుకొందుము. కాదు. అంత చిన్న పోటు రెండు దినములలో మానవలసినది. సూదివెంట లోనికి బోయిన టీకామందు పొక్కై, చీము పట్టి, చెక్కుగట్టి యూడినప్పుడు మచ్చ మిగిలినది. పైన పూసినప్పుడు ఏ హానియు చేయని వస్తువు లోనికి బోయినప్పుడు వేఱు గుణము చూపును. 2014లో అమెరికాలోని ఒక చర్మవైద్య పత్రికయందు ముగ్గురు స్త్రీల వృత్తాంతము ప్రకటింపబడినది. సూదిచికిత్సతోడనే ద్రవములు పూయగా వారి ముఖమున ఎఱ్ఱని గట్టి బుడిపెలు లేచినవి. 'సి' విటమిను కలిసిన సీరమువంటి ద్రవములనే వైద్యులు అనుమానించిరి. ముఖమునకు రాచుకొనుటకు మాత్రమే తయారైన ద్రవములో సువాసనకు, నిలువకు పలువస్తువులు కలియును. అవి రక్తము పాఱు చోటికి చేరుటకు ఉద్దేశింపబడినవి కావు.

మన యిండ్లలో జరుగునది ఇంకను విపరీతము. సీరము వెల యెక్కువయని నిమ్మరసము రాచువారున్నారు, పసుపునీళ్లు రాచువారున్నారు. నిమ్మరసము పులుపుచే మంట పుట్టించుటయేగాక, ఆపైన ఎండ తగిలినచో చర్మమును కాల్చి నల్లబఱచును. పసుపు పవిత్రమే, కాని అంగడి పసుపులోని దుమ్మును క్రిములను సూది విడదీసి చూడదు. అన్నిటికంటె చెడ్డవి, తెల్లబఱచునని మందులషాపులలో నోటిమాటపై అమ్ముచుండు క్రీములు. వానిలో కొన్నిటియందు స్టెరాయిడు మందు కలిసియుండును. అది వట్టి చర్మముపై రాచినప్పుడే కొలది మాసములకు చర్మమును పలుచబఱచి, మొటిమలు లేపి, ముఖమున మీసములవలె వెండ్రుకలు మొలిపించును. రంధ్రములు పెట్టి దానిని లోనికి పంపుట కోరి కష్టము దెచ్చుకొనుటయే.

లోనికి బోవువానిలో మఱియొకటి పరుల రక్తము. క్షౌరశాలకు బోయినప్పుడు క్రొత్త బ్లేడు వేయుమని మీరు మఱువక యడుగుదురు గదా. ఇంటిలో మాత్రము అక్క రోలరు చెల్లెలు, చెల్లెలి రోలరు పెండ్లికి వచ్చిన మేనత్తకూతురు వాడుదురు. కంటికి కనబడనంత రక్తము చాలును, కామెర్లు గలిగించు హెపటైటిస్ 'బి', 'సి' క్రిములు ఒకరినుండి యొకరికి పోవుటకు. సబ్బుతో కడిగినంత మాత్రమున సూది పరిశుద్ధము కాదు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున అనుమతి లేని ఒక సౌందర్యశాలయందు, మనుష్యుని రక్తమునే తీసి, అందలి భాగమును సూదులతో అతని ముఖమున కెక్కించు సంస్కారము చేసెడివారు. 2018లో అధికారులు దర్యాప్తు చేయగా, పేర్లు వ్రాయని రక్తపుగొట్టములు వంటయింటి రిఫ్రిజిరేటరులో తినుబండారముల ప్రక్కన కనబడినవి. అచ్చట సంస్కారము చేయించుకొన్న స్త్రీలలో కొందఱకు హెచ్.ఐ.వి. సోకినట్లు 2024లో ఆ దేశపు వ్యాధినియంత్రణ కేంద్రమువారు నివేదిక ప్రకటించిరి. వారికి మచ్చలు లేవు, రోగము లేదు. కొంచెము కాంతి కోరి పోయినవారు.

ఎవరు ఈ సాధనమును ముట్టనే రాదో చెప్పెదను. ముఖమున చీముపట్టిన మొటిమలున్నవారు, పెదవులపై నీటిపొక్కులు తఱచుగా లేచువారు, ఉలిపిరికాయలున్నవారు వాడరాదు. సూది ఆ క్రిమిని ముఖమంతట విత్తనమువలె చల్లును. బొల్లి, సోరియాసిస్ అను పొలుసుల వ్యాధి ఉన్నవారికి గాయము తగిలిన చోటులనెల్ల ఆ వ్యాధియే క్రొత్తగా పుట్టవచ్చును. రక్తము పలుచబడుటకు మందులు వాడువారు, మధుమేహము అదుపులో లేనివారు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గుళికలు మ్రింగుచున్నవారు వైద్యుని యడుగక చేయరాదు. గాయమైనచోట కండ గడ్డవలె పెరిగిపోవు తత్త్వము కొందఱికి గలదు. దానిని కనిపెట్టుటకు మన దేశమున మంచి పరీక్ష యొకటి చిన్ననాడే జరిగియుండును - చెవులు కుట్టించుట. కుట్టినచోట ముద్ద లేచినదా, మాసములకొలది దురదపెట్టినదా యను సంగతి వైద్యునికి తెలియదు, ఆ పిల్లకు జ్ఞాపకముండదు, నాయనమ్మకు తెలియును. అది చెప్పవలసినది ఆమెయే.

మనవంటి చామనచాయ చర్మమునకు మఱియొక చిక్కు. దోమ కుట్టినను, నూనె చిట్లినను మనకు ఆ చోట నల్లమచ్చ నెలలకొలది నిలుచును. లేసరు కిరణములతో పోల్చినచో సూదిచికిత్సవలన ఈ భయము తక్కువయే. కాని చేసిన మఱునాడే పొలమునకో కళాశాలకో నెత్తిపై గుడ్డయైన లేక యెండలో పోయినచో తప్పక నల్లబడును. ఇచ్చట పెద్దల నొకమాట యడుగ దలచితిని. ఆ పిల్ల అద్దము ముందు సూదులు పట్టుకొని కూర్చుండుటలో మన మాటలకు పాలు లేదా? పెండ్లిచూపులలో "పిల్ల బాగున్నది గాని రంగు తక్కువ" యను మాట ఆమె తలుపు చాటునుండి విన్నది. మొటిమలు లేచినప్పుడు చుట్టములందఱు ఆమె ముఖమునే పరీక్షించి తలకొక వైద్యము చెప్పిరి. ఈ సూది చర్మపు రంగును మార్చదు. మార్చునని యమ్మువారు అబద్ధమాడుచున్నారు. కావున రంగునకై యా పిల్ల బాధపడుచున్నచో సూదిని దాచుటకంటె ముందు మనము నోటిని అదుపులో నుంచుకొనుట అవసరము.

నవ్వుకొనుటకు మగవారి సంగతియు గొంత. బట్టతలకు ఈ రోలరు మంచిదని విని, కొందఱు పెద్దమనుష్యులును రహస్యముగా తెప్పించుకొనుచున్నారు. ఇది వట్టి మాట గాదు. 2013లో ముంబయిలోని చర్మవైద్యురాలు రచితా ధురత్ మొదలగువారు నూఱుమంది మగవారిపై పరిశోధన చేసి, మినాక్సిడిల్ అను మందు మాత్రమే పూసినవారికంటె, దానికి వారమునకొక తూరి సూదిచికిత్స కూడ జేర్చినవారికి పండ్రెండు వారములలో వెండ్రుకలు చాల ఎక్కువగా మొలచినట్లు ప్రకటించిరి. అయితే ఆ సూది ఒకటిన్నర మిల్లీమీటరుది. దానిని పట్టినవారు వైద్యులు. పూర్తిగా నున్నబడిన తలమీద మొలకెత్తుటకు మూలములే యుండవు. రాతినేలపై గొఱ్ఱు తోలిన ఫలమే దక్కును.

ఇన్ని చెప్పినను, ఆ పిల్ల మానననవచ్చును. అప్పుడు గొడవపడక, ఈ నియమములైన పాటింపుమని చెప్పుడు. సూది 0.25 మిల్లీమీటరునకు మించరాదు. రోలరు ఆమె దొక్కతెదే కావలెను. వాడుటకు ముందు దానిని డెబ్బదిపాళ్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలులో పది నిమిషము లుంచి, గాలికి ఆఱనిచ్చి వాడవలెను. ఇది క్రిములను చాలవఱకు తగ్గించును గాని వైద్యశాలలోని శుద్ధికి సాటిరాదు. చేతులు, ముఖము సబ్బుతో కడుగుకొనవలెను. రోలరును నొక్కరాదు, దాని బరువుతోడనే నాలుగైదుమాఱులు నిలువుగాను, అడ్డముగాను దొరలించి, దిక్కు మార్చినప్పుడెల్ల పైకెత్తి మార్చవలెను. ముఖముమీద నుండగనే త్రిప్పుటవలన చర్మము చీలును. కనుఱెప్పలు, పెదవులు విడువవలెను. రక్తము కనబడినచో అప్పుడే ఆపవలెను. అది సిద్ధికి గుర్తు గాదు. ఆ రాత్రి వాసన లేని సాదా మెత్తని క్రీము తప్ప ఏదియు రాయరాదు. మఱునాడు ముఖాలంకరణ సామగ్రి వలదు, ఎండ వలదు. వారమునకొక తూరికి మించరాదు. పెండ్లికి ముందు వారమున ఎన్నడును మొదలుపెట్టరాదు.

ఎఱుపు ఒకటి రెండు దినములలో తగ్గవలెను. తగ్గక పెరిగినచో, ముఖము వేడెక్కి వాచినచో, చీముపొక్కులు లేచినచో, జ్వరము వచ్చినచో ఇంటివైద్యము చేయక చర్మవైద్యునికి చూపవలెను. వెంట ఆ రోలరును, రాచిన బుడ్డిని కూడ తీసికొనిపోయినచో వైద్యునికి పని సులభమగును. ఏమి చేసితివని తిట్టుట తరువాత కావచ్చును.

మొద్దుబడిన రోలరును పెంటమీద పాఱవేయరాదు. ఎరువుతో కలిసి అది పొలము చేరును, వట్టికాళ్లతో నడచు పిల్లలకును పశువులకును గ్రుచ్చుకొనును. మూతగల డబ్బాలో బెట్టి, గట్టిగా బిగించి, టేపు చుట్టి, గ్రామ ఆరోగ్యకేంద్రమున సూదులు వేయు పెట్టె యుండును గనుక అచ్చటి నర్సమ్మ నడిగి ఆమె కప్పగింపుడు.